ఉదయం రెండు గంటలు పిల్లలకు వదిలిపెట్టండి

ఆంధ్రప్రదేశ్ మహిళా, శిశు సంక్షేమ శాఖ, పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, గోదావరి డెల్టా జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

కోనసీమ ప్రాథమిక పాఠశాలల్లో ఒకటి, రెండు తరగతులకు పాఠం చెప్పి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. ఈ లేఖలో మిమ్మల్ని కోరుతున్నది ఒక్కటే. అంగన్‌వాడీ కేంద్రం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తెరిచి ఉంటుంది. అందులో తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర వరకు రెండు గంటలను మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల చదువుకే కేటాయించి, ఆ సమయంలో టీచరు చేతికి ఫోను గానీ, రిజిస్టరు గానీ, సర్వే కాగితం గానీ, సమావేశానికి రమ్మనే కబురు గానీ రాకుండా లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. ఉన్న సిబ్బందితో అది సాధ్యం కాని చోట, సగం పూట పనిచేసే మరో మనిషిని ఇవ్వండి. ఈ కోరిక ఎందుకో, అది ఎంత ఆలస్యమైందో చెప్పడానికే ఇంత పొడవున రాస్తున్నాను.

బడికి సిద్ధం కావడమంటే ఏమిటన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. ఒకటో తరగతిలో చేరే నాటికి బిడ్డకు అక్షరాలన్నీ వచ్చి ఉండాలని తల్లిదండ్రులు అనుకుంటారు. తనిఖీకి వచ్చే అధికారులు కూడా చాలాసార్లు పిల్లవాణ్ణి నిలబెట్టి అఆలు చదవమనే అడుగుతారు. ఒకటో తరగతి టీచరుకు కావలసినవి వేరు. చెప్పిన కథను చివరిదాకా వినగలగాలి. తన వంతు వచ్చేదాకా ఆగగలగాలి. దాహం వేసినా, కడుపులో నొప్పి వచ్చినా ఏడుపుతో కాకుండా నోటితో చెప్పగలగాలి. 'పలక సంచిలో పెట్టి, చేతులు కడుక్కుని రా' అంటే రెండు పనులూ గుర్తుపెట్టుకుని చేసి రాగలగాలి. కమల, కలువ, కలప అన్న మూడు మాటలూ ఒకే శబ్దంతో మొదలవుతున్నాయని చెవితో పట్టుకోగలగాలి. గుణింతాలతోనూ ఒత్తులతోనూ నడిచే మన లిపిలో, చెవికి శబ్దాలు విడివిడిగా తెలిసిన బిడ్డకు అక్షరం రావడం పెద్ద పని కాదు. చెవికి తెలియని బిడ్డ అదే అక్షరాన్ని వందసార్లు దిద్దినా మర్నాటికి మర్చిపోతుంది.

లెక్కల సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. నూరు దాకా అంకెలు గడగడా అప్పజెప్పే అయిదేళ్ళ పిల్లవాడి ముందు చింతపిక్కలు గుట్టగా పోసి, 'అయిదు ఇవ్వు నాన్నా' అంటే దోసిలి నిండా తెచ్చి ఇస్తాడు. లెక్కపెట్టమంటే మొదలుపెడతాడు గానీ, వేలు రెండో పిక్క మీద ఉండగానే నోరు నాలుగో అంకెకు వెళ్ళిపోతుంది. చివరకు 'ఎన్ని ఉన్నాయి' అని అడిగితే మళ్ళీ ఒకటి నుంచి అందుకుంటాడు. ఆ వేలూ నోరూ కలిసి నడవడానికీ, ఆఖరున పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడానికీ వారాలు పడుతుంది. పక్కన కూర్చుని, ఆ చిన్న వేలిని పట్టుకుని, ఒక్కో పిక్కనూ పక్కకు జరిపిస్తూ పలికించే పెద్ద మనిషి ఒకరు కావాలి. కాళ్ళాగజ్జా కంకాళమ్మ ఆడించేటప్పుడు ఒక్కో మాటకు ఒక్కో కాలు ముట్టుకుంటూ పోవడంలో మన అమ్మమ్మలు చేసిన పని అచ్చంగా ఇదే. దీనికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. కొబ్బరాకుతో బూరా, పామూ అల్లుకునే ఊళ్ళు మనవి. పొడుగూ పొట్టీ, బరువూ తేలికా నేర్పడానికి కొబ్బరి దింపు నాడు రాలిన పిందెలు, మట్టలు, చిప్పలు చాలు. లోటు సామగ్రిది కాదు, పిల్లల పక్కన కూర్చునే మనిషికి తీరిక లేకపోవడమే లోటు.

ఈ లోటును గమనించిన తల్లిదండ్రులు తమకు తోచిన దారి వెతుక్కున్నారు. అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా పొద్దున్నే పసుపు పచ్చ వ్యాన్లు వచ్చి మూడేళ్ళ పిల్లలను కాన్వెంట్లకు ఎక్కించుకుపోతాయి. అక్కడ చాలాచోట్ల నర్సరీ నుంచే చేతిరాత, ఇంటిపని. పెన్సిలు పట్టుకునే బలం వేళ్ళకు రాకముందే నాలుగు గీతల పుస్తకం. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. అంగన్‌వాడీలో గుడ్డూ పాలూ దొరుకుతాయి, చదువు దొరకదు అని వాళ్ళు అంటుంటే కాదని వాదించే స్థితిలో మనం లేము. ఇంట్లో పరిస్థితి కాస్త బాగున్న పిల్లలు వెళ్ళిపోగా, కూలి చేసుకునే వాళ్ళ పిల్లలు, గోదావరి పాయల మధ్య లంకల్లోని పిల్లలు, చేపల చెరువుల గట్ల మీద కాపలా ఉండే కుటుంబాల పిల్లలు అంగన్‌వాడీలో మిగులుతారు. బడికి సిద్ధం చేయవలసిన అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ళకే ఆ రెండు గంటలు దొరకడం లేదు.

విధానాలకు కొదవ ఉందా అంటే లేదు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలైన నాడే ఆరు సేవల్లో ఒకటిగా పూర్వ ప్రాథమిక విద్యను చేర్చారు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 45వ అధికరణాన్ని మార్చి, ఆరేళ్ళు నిండే దాకా పిల్లలందరి సంరక్షణ, విద్య కోసం రాజ్యం పాటుపడాలని చెప్పింది. విద్యాహక్కును మాత్రం ఆరేళ్ళ నుంచే మొదలుపెట్టింది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్ళు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్యను ప్రభుత్వాల ఇష్టానికి వదిలిపెట్టింది. 2013లో జాతీయ విధానం ప్రత్యేకంగా వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా కలిపింది. 2022లో ఆ దశకు పాఠ్యప్రణాళిక చట్రం విడుదలైంది. 2023 మేలో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' అన్న కార్యక్రమాన్ని ప్రారంభిస్తూ, ప్రతి బిడ్డకూ రోజుకు కనీసం రెండు గంటల నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య అందిస్తామని చెప్పింది. నేను కోరుతున్న రెండు గంటలు నేను కల్పించినవి కావు, మీరు ఇదివరకే ఇస్తామన్నవి. ధవళేశ్వరం దగ్గర కాలువకు నిండుగా వదిలిన నీరు శివారు చేలకు చేరేసరికి ఏమవుతుందో ఈ డెల్టా రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ ఉత్తర్వుల గతీ అలాగే ఉంది.

దారిలో ఆ రెండు గంటలు ఎక్కడ ఇంకిపోతున్నాయో చూడాలంటే ఏ అంగన్‌వాడీలోనైనా ఒక ఉదయం కూర్చోండి. ముందుగా చెప్పి వెళ్ళవద్దు. పిల్లలు వస్తారు, హాజరు ఫోనులో వేయాలి. 2021 మార్చిలో వచ్చిన పోషణ ట్రాకర్ అన్న ఫోను యాప్‌లో బరువులు, ఎత్తులు ఎక్కించాలి. ఇంటికి ఇచ్చే సరుకులకు ఇప్పుడు లబ్ధిదారుల ముఖాన్ని ఫోను గుర్తుపట్టాలి. ఎండ వెలుతురులో నిలబెట్టి, కొంగు సర్దించి, కళ్ళు ఆర్పమని చెప్పి తీస్తుంటే సిగ్నలు పోతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. ఆధార్‌కు ముడిపెట్టిన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు సిమ్ము కువైట్‌లో ఇంటిపని చేసుకుంటున్న తల్లి దగ్గర ఉంటుంది. ఆవిడ యజమాని ఇంట్లో పొద్దున పని ముగించుకుని ఫోను చూసేదాకా ఇక్కడ అమ్మమ్మ గుమ్మంలో, టీచరు గదిలో ఎదురుచూస్తూ ఉండాలి. ఈలోగా గర్భిణుల భోజనం, టీకాల జాబితా, సూపర్‌వైజర్ అడిగిన ఫొటో, ఏదో ఒక సర్వే. పిల్లలు గోడవారగా చాప మీద కూర్చుని ఉంటారు. ఆయా వంట చూసుకుంటూ, మధ్యమధ్య వచ్చి 'అల్లరి చేయకండి' అని కసిరి వెళుతుంది. పదకొండున్నరకు ఎవరో గుర్తుచేస్తే 'వానా వానా వల్లప్ప' ఒకసారి పాడిస్తారు. ఆ పాటకు ఫొటో తీసి గ్రూపులో పెడితే ఆ రోజు పూర్వ ప్రాథమిక విద్య జరిగినట్టే లెక్క.

ఇందులో తప్పు టీచరుది అని నేను అనుకోవడం లేదు, మీరూ అనుకోకండి. రాష్ట్రంలోని 55,607 కేంద్రాల్లో పనిచేసేవారిని ప్రభుత్వం ఉద్యోగులుగా గుర్తించకుండానే ఇన్ని శాఖల పని వారి నెత్తిన పెట్టింది. 2022 ఏప్రిల్‌లో గ్రాట్యుటీ కేసులో సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ సిబ్బంది చేస్తున్నవి ఆహార భద్రతా చట్టం, విద్యాహక్కు చట్టం కింద చట్టబద్ధమైన విధులేనని చెప్పి వారికి గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరు 12న మన రాష్ట్రంలో మొదలైన సమ్మె 42 రోజులు నడిచింది, మధ్యలో అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని కూడా ప్రయోగించారు. వేతనాల గురించి వారి సంఘాలు నాకన్నా బాగా చెప్పగలవు కాబట్టి ఆ జోలికి పోను. చదువు చెప్పమని కోరుతున్న మనిషికి చదువు చెప్పే సమయం ఇవ్వండి అన్నంతవరకే నా మాట.

సమయం ఇస్తే ఏమవుతుందన్న దానికి పక్క రాష్ట్రంలోనే గట్టి సాక్ష్యం ఉంది. తమిళనాడులో 320 అంగన్‌వాడీ కేంద్రాలను తీసుకుని, వాటిలో లాటరీ పద్ధతిన ఎంపికైన కేంద్రాలకు పూర్వ ప్రాథమిక విద్య కోసమే సగం పూట పనిచేసే మనిషిని అదనంగా ఇచ్చి, మిగతా కేంద్రాలతో పోల్చి చూశారు. అలెహాండ్రో గానిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అన్న ఆర్థికవేత్తలు చేసిన ఆ అధ్యయనంలో పిల్లల చదువుకు దక్కిన సమయం రెట్టింపు అయింది. ఏడాదిన్నర తర్వాత ఆ పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందున్నారు. నన్ను ఆపి ఆలోచింపజేసినది ఇంకొకటి ఉంది. పాత టీచరుకు ఆరోగ్యం, పోషణ పనులకు తీరిక దొరకడంతో, ఆ కేంద్రాల్లో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలూ, తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలూ తగ్గారు. పోషణ పక్కకు పోతుందన్న భయంతో చదువును వెనక్కి నెట్టే అధికారులు ఈ ఒక్క ఫలితాన్నయినా చదవాలని నా మనవి.

దూరదేశపు ఉదాహరణ ఒకటి తరచుగా మన శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు గానీ సగమే చెబుతారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం యిప్సిలాంటి పట్టణంలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగంలో 123 మంది పేద నల్లజాతి పిల్లలున్నారు. వారిలో 58 మందికి పూర్వ ప్రాథమిక విద్య ఇచ్చారు. వారందరినీ నలభై ఏళ్ళ వయసు దాకా పరిశీలించి, ప్రీస్కూలుకు వెళ్ళినవారు ఎక్కువగా హైస్కూలు పూర్తిచేశారనీ, ఎక్కువ సంపాదిస్తున్నారనీ, తక్కువగా అరెస్టయ్యారనీ తేల్చారు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ పిల్లలకు ఉదయం రెండున్నర గంటల తరగతి జరిగేదనీ, ఆరుగురు పిల్లలకు ఒక టీచరు ఉండేదనీ, అదే టీచరు వారానికోసారి ఇంటికి వెళ్ళి తల్లితో గంటన్నర గడిపేదనీ మాత్రం చెప్పరు. ఆరుగురికి ఒకరిని మన రాష్ట్రం ఇవ్వలేదని నాకు తెలుసు, అడగడం లేదు. ఫలితాన్ని పోస్టరుగా వేసుకునేవాళ్ళు దాని వెనక ఉన్న గంటలను కూడా లెక్కలోకి తీసుకోవాలంటున్నాను.

మన రాష్ట్రం ఏమీ చేయలేదనడం అన్యాయమవుతుంది. అంగన్‌వాడీలను పూర్వ ప్రాథమిక తరగతులుగా, పీపీ1, పీపీ2 అన్న పేర్లతో ఫౌండేషన్ బడుల చట్రంలోకి తెచ్చారు. ప్రపంచ బ్యాంకు 2021లో 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసిన, బడుల్లో చదువు మెరుగుపరిచే 'సాల్ట్' ప్రాజెక్టులో అంగన్‌వాడీలకు వెళ్ళే పది లక్షలకు పైగా చిన్నపిల్లలను కూడా చేర్చారు. అయితే 2022లో జీవో 117 పేరుతో తరగతులను ఒక బడి నుంచి మరో బడికి మార్చడం, 2025లో దాన్ని రద్దు చేసి మళ్ళీ బడుల రకాలు నిర్ణయించడం, ఈ గొడవలో అందరి దృష్టీ మూడో తరగతి ఎక్కడ ఉండాలన్న దాని మీదే నిలిచింది. అంగన్‌వాడీ గుమ్మం నుంచి ఒకటో తరగతి గుమ్మానికి బిడ్డ ఎలా నడుస్తుందన్నది ఎవరి పనీ కాకుండా పోయింది. రెండూ ఒకే ఆవరణలో ఉన్న చోట కూడా శాఖలు వేరు, రిజిస్టర్లు వేరు, తాళాలు వేరు. మూడేళ్ళు ఆ బిడ్డను చూసిన టీచరు, 'ఈ పిల్ల నలుగురిలో మాట్లాడదు గానీ పాట పాడమంటే పాడుతుంది, వీడికి ఎడమ చెవి సరిగా వినబడదేమో చూడండి' అని ఒకటో తరగతి టీచరుకు చెప్పడానికి ఏర్పాటంటూ లేదు. ఒక కాగితం, ఒక పూట, ఇద్దరు టీచర్లు ఎదురెదురుగా కూర్చోవడం. దీనికి నిధులు అక్కర్లేదు. మే నెలాఖరులో రెండు శాఖలూ కలిసి ఒక తేదీ ప్రకటిస్తే చాలు.

డెల్టాకు మాత్రమే ఉన్న ఇబ్బందిని వేరుగా చెప్పాలి. ఒకటో తరగతిలో చేరిన పిల్లల కోసం 2021లో కేంద్రం 'విద్యాప్రవేశ్' పేరుతో మూడు నెలల ఆటపాటల కార్యక్రమాన్ని రూపొందించింది. మంచి ఆలోచన. కానీ మన బడులు తెరిచేది జూన్ 12న, ఆ మూడు నెలలూ గోదావరి వరద నెలలే. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం పది లక్షల క్యూసెక్కులు దాటగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో అది పాతిక లక్షలు దాటింది. కనకాయలంక కాజ్‌వే, ఎదురుబిడియం కాజ్‌వే మునిగితే అవతలి పిల్లలకు పడవే దిక్కు. నాలుగేళ్ళ బిడ్డను పడవ ఎక్కించడానికి ఏ తల్లికీ మనసొప్పదు, ఒప్పకూడదు కూడా. వరద తీశాక బురద కడిగి, తడిసిన చాపలు ఎండబెట్టి, పాడైన బియ్యం పారబోసి కేంద్రం మళ్ళీ గాడిన పడేసరికి ఇంకొన్ని రోజులు పోతాయి. రాష్ట్రమంతటికీ ఒకే క్యాలెండరు వేసి, లంక గ్రామాల్లో పోయిన రోజులను సెలవుల ఖాతాలో రాసి మర్చిపోవడం న్యాయం కాదు. లంకల్లో ఈ మూడు నెలల కార్యక్రమాన్ని నీరు తీశాక, దసరా సెలవుల తర్వాత మళ్ళీ మొదటి నుంచి నడుపుకునే స్వేచ్ఛ జిల్లా కలెక్టర్ల చేతిలో ఉండాలి. పునరావాస కేంద్రాల సామగ్రి జాబితాలో బియ్యం, పాలపొడి పక్కన ఒక పెట్టెడు బొమ్మల పుస్తకాలూ, బలపాలూ చేర్చడానికి ఎవరి అనుమతి కావాలో నాకు అర్థం కాదు.

మరో సంగతి గల్ఫ్. డెల్టాలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండగా అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు లేని ఊరు అరుదు. ఆ అమ్మమ్మలకు ఫోనులో వచ్చే సందేశాలూ, గోడ మీద అతికించే చార్టులూ అక్కరకు రావు. ఇంటికి వచ్చి మాట్లాడే మనిషి కావాలి. ఆమెకు వచ్చిన కథలే, సామెతలే, చద్దన్నం కలుపుతూ చెప్పే కబుర్లే బిడ్డకు చదువని, వాటిని మానేసి ఫోను చేతికివ్వవద్దని ఆమెకు నమ్మకం కలిగించాలి. గృహ సందర్శన టీచరు విధుల్లో ఇప్పటికే ఉంది. అది బరువులూ టీకాల దగ్గరే ఆగిపోతున్నది.

ఆచరణకు సంబంధించి నా సూచన ఇది. రాష్ట్రమంతా ఒకేసారి అక్కర్లేదు. ఈ డెల్టాలోని ఒక్క ఐసీడీఎస్ ప్రాజెక్టును ఎంచుకోండి. లంక గ్రామాలున్న దాన్నే ఎంచుకోండి, సులువైన దాన్ని కాదు. అక్కడ ఉదయపు రెండు గంటల్లో ట్రాకర్ పని చేయనక్కర్లేదని, సమావేశాలు మధ్యాహ్నమే పెట్టాలని ఆ ప్రాజెక్టులను చూసే అధికారులైన సీడీపీవోలకు, వైద్య శాఖకు, రెవెన్యూ వారికి కూడా కలెక్టరు పేరున ఉత్తర్వు వెళ్ళాలి. ఒక శాఖ మానేసి మరో శాఖ పిలిస్తే ప్రయోజనం లేదు. పిల్లలు ఎక్కువగా ఉన్న కేంద్రాలకు అదే ఊళ్ళో ఇంటరో డిగ్రీయో చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిని సగం పూటకు నియమించి, గౌరవప్రదమైన వేతనం ఇవ్వండి. ఇది స్వచ్ఛంద సేవ పేరుతో ఉచితంగా చేయించే పని కాకూడదు. శిక్షణ హోటల్ హాలులో తెర మీద బొమ్మలు చూపించి ముగించేది కాకుండా, పిల్లలున్న గదిలోనే, చాప మీదే జరగాలి. అందుకు మాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులం వచ్చి కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాం, పిలిస్తే చాలు.

ఏడాది తర్వాత ఫలితం చూడదలిస్తే ఫొటోలు అడగకండి. ఆ ప్రాజెక్టులోని ఒకటో తరగతి టీచర్లను పిలిచి, కొత్తగా చేరినవారిలో చింతపిక్కల గుట్టలోంచి అయిదు అడిగితే అయిదే తెచ్చి ఇచ్చేవారు ఎంతమందో, పూర్తి వాక్యంలో తమ అవసరం చెప్పుకునేవారు ఎంతమందో రాసి ఇమ్మనండి. ఆ కాగితాన్నీ, ఈ లేఖకు మీ సమాధానాన్నీ గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని